చెప్పాపెట్టని గ్రహణం

యాప్రాల్‌లో కూర్చుని ఆయుధాలొద్దనే సినిమా చూడటమంటే ఆవకాయ పెట్టే ఇంట్లో కారం మానెయ్యమనడమే. మా అపార్ట్‌మెంటులో అంతస్తుకో మాజీ సైనికుడుంటాడు. ఆ సంగతి మరిచి ఓ ఆదివారం మధ్యాహ్నం ‘సూపర్‌మేన్ 4’ పెట్టాను. పక్క ఫ్లాటు సుబేదారు గారు పేపరు కోసమని వచ్చి కూర్చుండిపోయారు.

1987 నాటి సినిమా. ఓ బడిపిల్లాడు ఉత్తరం రాశాడని సూపర్‌మేన్ లోకంలోని అణుక్షిపణులన్నీ వలలో మూటగట్టి సూర్యుడి మీదికి విసిరేస్తాడు. కథలో హీరో క్రిస్టఫర్ రీవ్ చెయ్యి కూడా ఉంది.

సుబేదారు గారు కాసేపు ఆలోచించి, “పారేశాడు సరే, ఇన్నాళ్లూ వాటికి కాపలా కాసినవాళ్ల పెన్షన్ మాటేమిటి?” అన్నారు.

ఆ ఏడాది డిసెంబరులోనే రీగన్, గోర్బచెవ్ కూర్చుని మధ్యశ్రేణి క్షిపణులు తీసేద్దామని సంతకాలు పెట్టారు. వల అవసరం పడలేదు.

అమ్మకు తెలిసిన సూపర్‌మేన్ 1980 నాటి ఎన్టీ రామారావే. ఆయనకు శక్తులిచ్చింది ఆంజనేయస్వామి. ఈయనది ఏ గ్రహమని అడిగింది. క్రిప్టాన్ అన్నాను. “నవగ్రహాల్లో ఆ పేరు లేదే!” అంది.

పాపం, సినిమా ఉద్దేశం మంచిదే. డబ్బే లేదు. సుమారు 3.6 కోట్ల డాలర్లనుకున్న బడ్జెట్‌ను 1.7 కోట్లకు కోసేశారు, ఎసరు పెట్టాక బియ్యం సగం వెనక్కి పట్టుకుపోయినట్టు. న్యూయార్కు వీధుల్ని ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో కానిచ్చారు. ఎగిరే షాటు ఒకటుంటే దాన్నే తిప్పి తిప్పి వేశారు. మూడోసారికి అమ్మ, “ఇందాకేగా వెళ్లాడు, ఏమైనా మర్చిపోయాడా?” అంది.

కూలిన చైనా గోడను సూపర్‌మేన్ కంటిచూపుతోనే కట్టేస్తాడు. మా రోడ్డు మీదుగా ఓసారి కిందికి చూస్తూ పోతే బాగుండుననిపించింది.

విలన్‌కు ఎండే బలం, నీడ పడితే చతికిలబడతాడు. మే నెలలో మా డాబా మీద వడియాలకు కాపలా పెట్టొచ్చు. సూపర్‌మేన్ వాణ్ణి లిఫ్టులో పెట్టి చంద్రుడి మీద దింపి వస్తే, తలుపు సందులోంచి ఎండ తగిలి బయటపడతాడు. మా లిఫ్టయితే ఆ భయం లేదు. తలుపు తెరుచుకోవాలంటే మెకానిక్ రావాలి, మెకానిక్ రావాలంటే సోమవారం రావాలి.

చివరికి చంద్రుణ్ణే నెట్టి సూర్యుడికి అడ్డం పెట్టాడు. విలన్ కూలాడు. సుబేదారు గారు చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం గబుక్కున లేచింది.

“చెప్పాపెట్టకుండా గ్రహణమేమిట్రా! దర్భలెక్కడ పెట్టాను?” అంటూ ఆవకాయ జాడీ వైపు నడిచింది.