ఒరిజినల్ పచ్చ

ప్రతి కుటుంబంలోనూ ఒక ఒరిజినల్ మనిషి ఉంటాడు. పాత టేబుల్ ఫ్యానుకి కొత్త రకం మర బిగిస్తే ఆ పూట అన్నం సయించదు. గోడ గడియారం సరిగ్గా నడుస్తోందని ఎవరైనా మెచ్చుకుంటే, "నడవడం గొప్ప కాదు, లోపలి స్ప్రింగు మొదటిదేనా?" అని అడుగుతాడు. మా ఇంట్లో ఆ ఉద్యోగం పెద్దబావగారిది. ఆయన ఆడిట్‌లో చేసి రిటైరయ్యారు కాబట్టి అర్హతలకి లోటు లేదు.

పంజగుట్ట ద్వారకాపురిలో వాళ్ల నాన్నగారి ఇల్లు బిల్డరుకి ఇచ్చేసినప్పుడు తలా ఒకటి తెచ్చుకున్నారు. ఒకరు ఇత్తడి గంగాళం, ఒకరు టేకు బీరువా. ఈయన గడ్డి కోసే మిషను తెచ్చారు. తోసుకుంటూ పోతే బ్లేళ్లు గిర్రున తిరిగే పాతకాలపు సరుకు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో తయారైందని దాని ఇత్తడి పలక చెబుతోంది. ఇప్పుడు కాపురం అమీర్‌పేటలో, మూడో అంతస్తులో. ఆ ఇంట్లోకి గడ్డి వచ్చేది ఏడాదికి ఒక్కసారి, వినాయకచవితికి గరిక కొన్నప్పుడు.

అయినా మిషను బాగుచేయాలి. బాగుచేయడమంటే మొదట ఏ రంగు ఉండేదో అదే వేయాలి. పైన కనబడేది సిల్వర్ పెయింటు, ఏ మాలీ పుణ్యమో. నీళ్లలో ముంచిన నాలుగువందల నంబరు ఉప్పుకాగితంతో రూపాయి బిళ్లంత మేర అరగదీస్తే దాని కింద నీలం వచ్చింది. నాన్నగారి ఇంటి కిటికీ ఊచల నీలం అది. పండక్కి ఊచలకి వేయగా మిగిలింది దీనికి పులిమారన్నమాట. దాని కింద ఆకుపచ్చ, ఆ కింద ఎర్రటి ప్రైమరు, తర్వాత ఇనుము. కాగితం నంబరు పెంచుకుంటూ రెండువేల దాకా వెళ్లి నున్న చేస్తే వలయాలు ఒకదాని పక్కన ఒకటి తేలాయి. ఆయన భూతద్దం పెట్టుకుని ఆ ఆకుపచ్చ వలయం ముందు కూర్చుంటే పంచాంగం చూస్తున్నారేమో అనుకుంది పనమ్మాయి.

ఎండా వానా తగిలిన చోటి రంగుకి సాక్ష్యం చెల్లదట. అందుకని ఇత్తడి పలక మరలు విప్పారు. దాని కింద తపాలా బిళ్లంత పచ్చ భద్రంగా ఉంది. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆయన అనుకోలేదు. పాత పెయింట్లలో అవిసె నూనె ఉంటుంది, అది చీకట్లో ఉంటే పసుపు తిరుగుతుంది, కాస్త వెలుతురు చూపిస్తే చాలామటుకు దిగుతుంది. అంచేత ఆ భాగాన్ని ఊడదీసి బాల్కనీలో ఎండబెట్టారు. అక్క మినప వడియాలు ఓ పక్కకి జరిగాయి. ఆ జరగడం గురించి మా అక్క ఏమందో ఇక్కడ రాయను.

ఇంగ్లీషువాళ్ల 381సి అనే రంగుల పట్టికలో బ్రన్స్‌విక్ పచ్చలు మూడున్నాయి: 225 లేత, 226 మధ్యరకం, 227 ముదురు. మా బావగారి పచ్చ 226కీ 227కీ మధ్య ఉంది, ఎక్కడ ఉంటే నాకు ఆదివారాలు ఉండవో సరిగ్గా అక్కడ. స్కూటరు నాది కాబట్టి రాణీగంజ్ నుంచి పంజగుట్ట దాకా పెయింటు కొట్లన్నీ తిప్పాను. ఆ పచ్చకి అసలు దినుసులు ప్రష్యన్ నీలం, క్రోమ్ పసుపు. క్రోమ్ పసుపంటే సీసం. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లలో తొంభైకి మించకూడదు. పిల్లల ఆరోగ్యం కోసం పెట్టిన రూలును బావగారు తన మీద కక్షగా తీసుకున్నారు. అక్క మాత్రం ఆ రూలుకి ఇంట్లో ఇంకో సవరణ చేర్చింది: మనవడు వచ్చి వెళ్లేదాకా ఉప్పుకాగితం ముట్టుకోకూడదు.

కొట్లో కంప్యూటరుంది. రంగు ముక్క పెడితే చదివి పాళ్లు చెబుతుంది. "దానికి అనుభవం చాలదు" అన్నారు ఈయన. కలిపే కుర్రాడు, "గ్రీన్ అంటే గ్రీనే గద సార్" అన్నాడు. ఆ కొట్టుకి మళ్లీ వెళ్లలేదు. పాత పెళ్లి శుభలేఖల వెనక పూసిన నమూనాలు బట్టల తీగెకి క్లిప్పులతో వేలాడేవి. కొట్లో ట్యూబ్‌లైటు కింద కవలల్లా ఉన్న రెండు పచ్చలు మైత్రీవనం దగ్గర రోడ్డు మీదికి వచ్చేసరికి దాయాదులైపోయేవి. కొన్నాళ్లకి నేను కూడా "బావగారూ, ఇది కాస్త నీలం కొట్టట్లేదూ?" అనడం మొదలెట్టాను. ఆయన మొహం వెలిగింది. మా ఆవిడ మొహం వెలగలేదు.

ఇదే మనిషి అక్క జాకెట్టు ముక్కకి మ్యాచింగ్ సెంటర్‌లో గంట కూర్చుంటే, "గోధుమరంగులో ఇన్ని గోధుమరంగులేమిటే" అని ముప్పయ్యేళ్లుగా వెక్కిరిస్తున్నాడు. ఓ సాయంత్రం అమీర్‌పేటలో అలాంటి కొట్టుకే వెళ్లాం. కౌంటరు అమ్మాయి చీర అంచూ జాకెట్టు ముక్కా పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే గుమ్మం దాటి వెలుతుర్లోకి వచ్చింది. ముక్కని అంచు మీద మడిచి పెట్టి, తల ఓ పక్కకి వంచి చూసింది. బావగారు అక్క మాట మరిచిపోయి జేబులోంచి శుభలేఖనీ, మిషను ముక్కనీ తీశారు. ఆ పిల్ల వాటినీ అలాగే ఆనించి చూసి, "అంకుల్, మీదాంట్ల పసుపు ఎక్కువైంది. కొంచెం నలుపు పడాలె" అంది.

నలుపు పడింది. కలిసింది.

ఆ ఘనత ఆ పిల్లకి ఇవ్వండి బావగారూ అంటే, బ్రిటిష్ పట్టిక గొప్పతనం గురించి మొదలెట్టారు. పైగా గడ్డి మిషను పుట్టుక చెప్పారు. 1830లో బడ్డింగ్ అనే ఇంగ్లీషాయన, ఉన్ని బట్ట మీది నూగుని సమంగా కత్తిరించే మరను చూసి దీన్ని చేశాడట. అక్క వంటింట్లోంచి, "అయితే అది బట్టల కొట్టు సామానే. అక్కడే అడగాల్సింది ముందు" అంది.

ఇప్పుడా మిషను హాల్లో టీవీ పక్కన మెరుస్తోంది. మొన్న కాలనీ సెక్రటరీ వచ్చి, పార్కులో గడ్డి మోకాలెత్తు పెరిగింది, రెండ్రోజులు ఇప్పిస్తారా అని అడిగాడు. బావగారు ఆయన్ని ఎగాదిగా చూశారు.

"గడ్డి కోస్తే రంగు పోదుటండీ?"

ఆయన వెళ్లాక నా వైపు తిరిగి, ఇత్తడి పలక మీది అక్షరాల్లో ఎర్రరంగు చూపించారు. "ఇది ఎవడో తర్వాత దిద్దిందయ్యా. కింద వేరే ఎరుపుంది. ఆదివారం ఖాళీయేనా?"