“బిల్లు వచ్చె!”: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక: పోర్చుగల్ దేశపు పోర్తో నగరంలో, దౌరో నది ఒడ్డున రిబెయిరా అని ఒక పాతపేట. 1996లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ప్రాంతంలో అదీ ఉంది. పొద్దస్తమానం అక్కడ తిరిగిన ఒక అజ్ఞాతకవి హోటల్ బిల్లు వెనకవైపు రాసుకున్న పద్యమిది.

మెట్లు దిగుచు దిగుచు మేడల గాంచితి
నదిని దాటి నిలిచి నావ జూచి
యాలివులను తినుచు హాయిగ కూర్చుండ
బిల్లు వచ్చె! దాని విలువ తెలిసె.

టీక: మెట్లు = ఎగువ వీధుల నుంచి ఏటిగట్టుకు దింపే నిటారు రాతిమెట్లను; దిగుచు దిగుచు = ఎంతకీ తరగక దిగుతూ (ద్విరుక్తికి మోకాళ్లే ప్రమాణం); మేడలన్ = ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలిచిన రంగురంగుల ఇళ్లను, వాటి ఇనుపకమ్మీల మీద ఆరేసిన దుప్పట్లతో సహా; కాంచితిన్ = మెడ పట్టేసేలా చూశాను; నదిని దాటి = వంతెన కింది అంతస్తు మీదుగా అవతలి గయా రేవుకు నడిచి; నావన్ = రబేలు పడవను; ఆలివులను = వెల్లుల్లి, నూనె పట్టించి చిన్న గిన్నెలో పెట్టినవాటిని, అనగా అడగకుండానే వచ్చినవాటిని; హాయిగ = ధర తెలియనందువలన నిశ్చింతగా; బిల్లు వచ్చెన్ = స్పష్టము.

తాత్పర్యం: ఊరంతా ఉచితంగా చూసినవాడు గిన్నెడు ఆలివుల దగ్గర దొరికిపోయాడు.

విశేషాలు: “నదిని దాటి” అనడం ఇప్పుడు తేలిక. 1809 మార్చి 29న ఫ్రెంచి సైన్యానికి భయపడి జనం పరుగెత్తగా, ఇక్కడి పడవల వంతెన విరిగి ఎందరో మునిగిపోయారు. గట్టు గోడకున్న కంచు ఫలకం ముందు నేటికీ కొవ్వొత్తులు వెలిగిస్తారు.

ఇప్పటి దొమ్ లూయిష్ వంతెన 1886 నాటిది. 172 మీటర్ల ఇనుపకమాను, రెండు అంతస్తులు; పైదాని మీద మెట్రో రైలు, పాదచారులు. దీన్ని ఈఫిల్ కట్టాడనే పాఠం ప్రక్షిప్తం. రూపకర్త ఆయన పాత భాగస్వామి తియోఫిల్ సెయ్‌రిగ్. ఈఫిల్ సంస్థ కట్టిన మరియా పియా వంతెన (1877) ఎగువన వేరే ఉంది.

“నావ” జాత్యేకవచనం. రబేళ్లు ఎగువ లోయ నుంచి పోర్ట్ వైన్ పీపాలు మోసేవి. రైళ్లు, లారీలు, ఆనకట్టలు వచ్చాక ఆ కొలువు పోయింది. ఇప్పుడు వైన్ కంపెనీల పేర్లు మోస్తూ రేవులో కట్టుబడి ఉన్నాయి.

అవతలి రేవుకు వెళ్లిన కవి తిరిగి ఎప్పుడొచ్చాడో పద్యంలో లేదు. “ఆకలేసి” అని అధ్యాహారం చేసుకోవాలి.

“దాని” అంటే ఆలివులదని ఒక పక్షం, హాయిదని మరో పక్షం. ఏటిగట్టు కుర్చీ అద్దె ఆలివుల ధరలోనే కలిసి ఉంటుంది గనుక వివాదం అనవసరం. యా–హా, బి–వి యతులు కుదిరాయి. కవికి కుదరనిది బిల్లొక్కటే.

నిర్ణయం: భోజనానికి ముందు పెట్టే రొట్టె, వెన్న, ఆలివులను అక్కడ కువేర్ అంటారు. అతిథి అడగనిదీ, ముట్టనిదీ అయితే దానికి డబ్బు తీసుకోరాదని పోర్చుగల్ చట్టం. కవి అడగలేదు, నిజమే. కానీ గింజలు మాత్రమే మిగిల్చాడు. కనుక బిల్లు న్యాయమే. రిబెయిరా వెళ్లే పాఠకులు ముందు ధరల పట్టీ చదవండి; అక్కర్లేకపోతే గిన్నె వెనక్కి పంపండి, ఎవరూ ఏమీ అనుకోరు.