కందెన

మా కారు బ్రేకు వేస్తే కూసేది. ఎలుక తోక తలుపు సందులో పడితే వస్తుందే, ఆ కూత. మొదట్లో పొద్దున్నే రెండు కూతలు కూసి ఊరుకునేది. రాత్రి మంచుకీ, ఏలూరు కాలవ మీంచి వచ్చే తేమకీ ఇనప డిస్కు మీద పల్చగా తుప్పు పడుతుంది. రెండు మూడుసార్లు తొక్కితే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. అంచేత అది జబ్బు కాదు, గొంతు సవరించుకోవడం అనుకున్నాను. తర్వాత పగలంతా కూయడం మొదలుపెట్టింది. నేను రేడియో పెంచాను. ఒక నెల ఆ వైద్యం బాగానే పనిచేసింది.

బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే, పక్కన స్కూటరు మీద పాలక్యాన్ల మనిషి ముందు నా చక్రం వైపు చూసేవాడు, తర్వాత నా మొహం వైపు. ఆ రెండో చూపుకి రేడియో సరిపోయేది కాదు. ఇంటికొస్తే మాత్రం ప్రాణం కుదుటపడేది. వీధి మలుపులో ఓ కూత, గేటు దగ్గర ఓ కూత. నేను మెట్లెక్కేసరికి స్టవ్ మీద టీ పొంగుతుండేది. మా అబ్బాయి కెమిస్ట్రీ పుస్తకంలో తల దూర్చి ఉండేవాడు. ఇల్లంటే ఇలా ఉండాలి అనుకునేవాణ్ణి.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ని. ఇరవై రెండేళ్లుగా ఘర్షణ పాఠం చెబుతున్నాను. కాలేజీ గేటు దగ్గర మొదటి బెంచీ వాడొకడు, "సార్, అది స్థైతిక ఘర్షణా, గతిక ఘర్షణా?" అని అడిగి పెదవి కొరుక్కున్నాడు. వాడు నవ్వాపుకుంటున్నాడు కానీ, ప్రశ్న మాత్రం మంచిదే. రెండూను. ప్యాడు డిస్కుని పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఈ పట్టువిడుపులు సెకనుకి వేలసార్లు జరిగాయంటే డిస్కు కంచులా మోగుతుంది. ఫిడేలు తీగ మీద కమాను చేసే పనీ ఇదే. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో ఫిడేలు పలికినా, నా కాలి కింద కారు కూసినా సూత్రం ఒకటే. తేడా అల్లా సాధనలో ఉంది.

సంక్రాంతికి మా మామగారు గుడివాడ దగ్గర పల్లె నుంచి వచ్చారు. గేటు దగ్గర ఒక్క కూత విని, "కందెన వేయించండి అల్లుడుగారూ" అని తేల్చేశారు. ఆయన చిన్నతనంలో గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ఎడ్లబండి ఇరుసుకి పెట్టేవారట. ఎంత కిర్రుమనే బండయినా ఊరి పొలిమేర దాటేలోపు నోరు మూసుకునేదట.

"మామయ్యగారూ, ఇరుసు తిరగాలి కాబట్టి కందెన. ఇది ఆపాల్సిన చోటు. ఇక్కడ నూనె పడితే కూత ఆగుతుంది, కారు ఆగదు."

"ఏదో ఒకటి ఆగుతుందిగా" అన్నారాయన.

ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ కొబ్బరినూనె సీసా నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ముందుజాగ్రత్త.

ఆదివారం నేనే చూద్దామని జాకీ బయటికి తీశాను. కారుని పైకి లేపి, పానా పెట్టి నట్టు తిప్పితే నట్టుతోపాటు చక్రమూ తిరిగింది. "నేల మీద ఉండగానే నట్లు సడలించుకోవాలండీ!" అని బాల్కనీల్లోంచి నలుగురు ఒక్కసారే అన్నారు. లిఫ్టు బాగుచేయించే విషయంలో మూడేళ్లుగా ఏకాభిప్రాయం కుదరని అపార్ట్‌మెంటు మాది.

చక్రం ఊడాక, గొంతుక్కూర్చుని సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. కొత్తలో ప్యాడు మీద సుమారు పది మిల్లీమీటర్ల సరుకు ఉంటుంది. నా ప్యాడు మీద మిగిలింది రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. దాని అంచున గోరంత ఉక్కు రేకు ఒకటి వంగి డిస్కుకి ఆనుకుని ఉంది. ఆ చోట డిస్కు మీద తళతళా మెరిసే సన్నటి గీత. రేకు ఎక్కడినుంచో ఊడిపడింది కాదు. తయారుచేసినవాడే పెట్టాడు. ప్యాడు అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకి రాగానే డిస్కుకి తగిలి కూయడమొక్కటే దాని ఉద్యోగం. ఏళ్ల తరబడి నోరు మెదపకుండా కూర్చుని, తన వంతు వచ్చినరోజు పాపం నిజాయితీగా కూసింది. నేను రేడియో పెంచాను.

అప్పటికీ వినకపోతే కూత పోయి గరగర వస్తుంది. సరుకంతా పోయి ఇనుమూ ఇనుమూ రుద్దుకుంటుంటాయి. ప్యాడ్లతో పోయేదానికి డిస్కులూ కొనాలి. కూత దానంతటదే తగ్గిపోయిందని పొంగిపోయేవాళ్లు ఈ దశలోవాళ్లే.

నా ఇంజనీరింగు అక్కడితో సరి. చక్రం బిగించి, సోమవారం ఆటోనగర్ పట్టుకెళ్లాను. ముందు సీట్లో మామగారు. లారీ బాడీల మీద సుత్తి దెబ్బల హోరులో నా కారు కూత చీమ తుమ్మినట్టుంది. అయినా మేస్త్రీ తలతిప్పాడు.

"తొక్కితేనే కూస్తుందా సార్, తొక్కకపోయినా కూస్తుందా?"

"ఈమధ్య తొక్కకపోయినా కూస్తోంది."

"గరగర లేదుగా? అయితే డిస్కు బతికే ఉంటుంది."

ఇరవై రెండేళ్ల పాఠం రెండు ప్రశ్నల్లో అయిపోయింది. రెండు ముందు చక్రాలకీ ప్యాడ్లు మార్చాడు. ఒకవైపే మారిస్తే బండి పక్కకి లాగుతుందన్నాడు. క్యాలిపర్ జారే పిన్నులు ఎండిపోయి ఉంటే బయటికి లాగి, గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. తర్వాత చిన్న డబ్బా మూత తీసి, చూపుడువేలితో లోపల ఉన్నది తీసి పిన్నుకి పట్టించాడు.

స్టూలు మీద టీ తాగుతున్న మామగారు లేచి నిలబడ్డారు. "ఏమిటది?"

"గ్రీజు, పెద్దాయనా. వేడికి కరగనిది."

"అంటే కందెన!"

"కందెనే. పిన్నులకీ, ప్యాడు వీపుకీ. మొహానికి మాత్రం తగలకూడదు."

ఆ చివరి వాక్యం మామగారు వినలేదు. నావైపు చూశారు. ఎమ్మెస్సీలో నాకొచ్చిన మార్కులు ఎవరూ అడక్కపోవడం ఆ రోజు నా అదృష్టం.

"కదిలేముందు పెడలు గట్టిపడేదాకా తొక్కండి సార్. మర్చిపోతే తిన్నగా ఎదుటి షాపులో ఉంటారు" అన్నాడు మేస్త్రీ. ఖాళీ రోడ్డు చూసుకుని యాభై అరవైలో వెళ్తూ, పూర్తిగా ఆపకుండా ఎనిమిది పది సార్లు మెల్లగా వేగం తగ్గించమన్నాడు, కొత్త ప్యాడు డిస్కుకి అలవాటు పడాలని. తగ్గించిన ప్రతిసారీ మామగారు ముందుకి వంగి, "లాభం, రెండు, మూడు" అని ధాన్యం కొలిచినట్టు లెక్కపెట్టారు.

ఇంటికొచ్చాం. వీధి మలుపులో చడీ చప్పుడూ లేదు. గేటుకి అడ్డంగా పడుకున్న కుక్క చెవి కూడా కదపలేదు. హారన్ కొడితే వాచ్‌మన్ ఉలిక్కిపడి, "మీరా సార్!" అన్నాడు.

మెట్లెక్కి వెళ్తే స్టవ్ మీద గిన్నె కూడా లేదు. "మీరొచ్చినట్టు వినపడలేదే!" అంది మా ఆవిడ. సోఫాలో మా అబ్బాయి కాళ్లు బారచాపి, ఫోన్‌లో క్రికెట్ ఆడుతూ సిక్సరు కొడుతున్నాడు. బంతి బౌండరీ దాటాక తలెత్తి నన్ను చూశాడు. ఫోను దిండు కిందికి తోశాడు. కాసేపాగి అడిగాడు.

"నాన్నా, ఆ పాత ప్యాడ్లు పారేశారా, ఉన్నాయా?"