శనగ లిచ్చి చీని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

రెండు రెండటంచు రేఁగి కేకలువెట్టి
శనగ లిచ్చి చీని సంగ్రహించి
కోడలపుడు గంట కొట్టెను గణగణ
ఎలుగు చేతఁ జిక్కి యేడ్చె నత్త

టీక: రెండు రెండు అటంచు = సరుకు పేరు దాచి లెక్క మాత్రం చెబుతూ; రేఁగి = పూనకం వచ్చినట్టు; కేకలువెట్టి = పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసేలా అరిచి; శనగలు = జమ్మలమడుగు నల్లరేగడిలో చలికాలం పండే పంటను; ఇచ్చి = వదిలించుకొని; చీని = పులివెందుల తోటల బత్తాయి కాయలను; సంగ్రహించి = తొమ్మిదీ కూడబెట్టి; కోడలు = ఆ ఇంటి కోడలు; అపుడు = ఇంకెవరూ తేరుకోకముందే; గంట = గంటను, అది లేని ఇళ్ళలో స్టీలు తట్టను; గణగణ కొట్టెను. తక్కినది సులభం.

తాత్పర్యం: కోడలు గెలిచింది.

విశేషాలు: ఇది పిట్ అనే పేకాట. 1904లో అమెరికాలో పార్కర్ బ్రదర్స్ కంపెనీ అచ్చువేసి అమ్మింది. మూలం షికాగో ధాన్యం బజారు కేకలు. ఎందరు ఆడితే అన్ని సరుకులు, సరుకుకు తొమ్మిది ముక్కలు. వంతు లేదు, అందరూ ఒక్కసారే అరవాలి. ఒకటి నుంచి నాలుగు దాకా ఒకే రకం ముక్కలు మార్చుకోవచ్చు. ఒక సరుకు తొమ్మిదీ ముందు కూడబెట్టినవారు గంట కొట్టి గెలుస్తారు. ఎలుగు ఏ సరుకూ కాని శిక్ష ముక్క; చివరికి అది చేతిలో మిగిలినవారికి కోత. మన పశువుల సంతలో సరుకు కళ్ళెదుట నిలబడి ఉంటుంది, ధర తువ్వాలు కింద వేళ్ళలో దాగుతుంది. ఇక్కడ అంకె బహిరంగం, సరుకు రహస్యం. పండించినవాడి ముక్క మాత్రం ఇందులో లేనే లేదు.

శంక: కోడలు ఇచ్చింది శనగలే కదా, అత్తకు ఎలుగు ఎలా చేరింది? సమాధానం: ఒక శనగ, ఒక ఎలుగు కలిపి "రెండు" అనడం ఈ ఆటలో ధర్మమే. కవి ఆ మాట దాచాడు. కోడలూ దాచింది.

మరొక శంక: ఎలుగు అత్త చేతికి చిక్కిందా, అత్తే ఎలుగు చేత చిక్కిందా? వ్యాకరణం రెండోదాన్నే ఒప్పుకుంటుంది. ఎలా చదివినా అత్తకు 20 పాయింట్లు కోత.

పాఠాంతరాలు: ప్రొద్దుటూరువారు "శనగ లిచ్చి పసిడి సంగ్రహించి" అని చదువుతారు. బంగారం అంగళ్ళ ఊరు కదా! ఛందస్సు చెడలేదు గానీ, శనగలకు బంగారం ఇచ్చే షరాబు ఎవడో చెప్పాలి. జమ్మలమడుగువారిది "చీని యిచ్చి శనగ సేకరించి". యతి నిలిచింది, ఊరి పరువూ నిలిచింది. పులివెందులవారు చీనీ వదలడం ఇష్టంలేక "అరటు లిచ్చి చీని సంగ్రహించి" అన్నారు. యతిభంగం, కాబట్టి త్యాజ్యం. ఇంట్లో మాత్రం అలాగే ఆడుకోవచ్చు.

ఆట పెట్టె దొరకనివారు నలుగురు కూర్చుని, నాలుగు సరుకుల పేర్లు తొమ్మిదికి బదులు నాలుగేసి చీటీల మీద రాసుకుంటే చాలు. గంటకు బదులు అరచెయ్యి నేలకు చరచాలి. ఎలుగు చీటీ రాయడం మాత్రం మరవకండి.