మాకు సముద్రం లేదు సారూ!

నిజామాబాద్ జిల్లా మాక్లూర్ చాయ్ హోటల్లో సముద్రం ముచ్చట తీయడమంటే పెళ్లింట్లో బాకీ అడిగినట్టే. మారిషస్ చుట్టూ పగడాలు తెల్లబోతున్నాయన్న వార్త చదివి మొన్న నోరు జారాను. పక్క బల్ల మీది పెద్దాయన సాసర్లో చాయ్ పోసుకుంటూ, "సముద్రం మనకెక్కడిది సారూ? మనకున్నది పసుపు" అన్నాడు. నలుగురూ తలలూపారు. పగడాలే తెల్లబోయాయి తప్ప, మాలో ఎవరూ తెల్లబోలేదు.

మారిషస్ మనకు పరాయి దేశమేం కాదు. 19వ శతాబ్దంలో మన గోదావరి మొగదలలోని కోరంగి రేవు నుంచి కూలీలు ఓడలెక్కి చెరకు తోటలకు పోయారు. అక్కడివాళ్లు వాళ్లను 'కోరంగీలు' అనే పిలిచారు. ఆ చుట్టరికాన్ని మనం భలే కాపాడుకుంటున్నాం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపింది అక్కడే. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవని మన వక్తలు ఛాతీ విరుచుకుని చెబుతారు. ఆ ఉగాది చేసుకునే నేల కోసుకుపోతోందని చెప్పబోతే మాత్రం మైకు గొంతు పట్టేస్తుంది. శాలువా కప్పేటప్పుడు చుట్టాలు, తుఫానొస్తే ఎవరో ద్వీపవాసులు. ప్రపంచం వదిలే పొగలో ఆ దేశం వాటా ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. ఊరందరి వంటపొగా ఒక్కరి కంట్లోకే పోవడమంటే ఇదే.

2020 జులై 25న వకాషియో అనే ఓడ ఆ దీవి పగడపు దిబ్బ మీదికెక్కింది. యజమాని జపాను, జెండా పనామాది, కెప్టెన్ మన దేశంవాడే. సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం ఒడ్డుకు దగ్గరగా తోలారని విచారణలో తేలింది. మా ఊళ్లో సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు ఎక్కుతారు, ఎవరికీ నష్టం ఉండదు. అక్కడ వెయ్యి టన్నుల నూనె మడ చెట్ల వేళ్ల దాకా పాకింది. అపురూపమైన పక్షుల్నీ మొక్కల్నీ ఒక చిన్న దీవి నుంచి పెద్ద దీవికి తరలించాల్సి వచ్చింది. డోడోను పోగొట్టుకున్న దేశం గనుక, తరలించడమంటే ఏమిటో వాళ్లకు తెలుసు.

జనం ఏం చేశారో చూడండి. బట్ట సంచుల్లో చెరకు ఆకు కూరి, కుట్టి, సముద్రానికి అడ్డంగా కట్టారు. మంగలి షాపుల్లో జుట్టు కత్తిరించుకుని మరీ ఇచ్చారు. ముత్తాతల్ని కూలికి రప్పించిన చెరకే మునిమనవలకు అడ్డుగోడ అయింది. మనకు అలాంటి గతి పడితే చెరకు ఆకుకూ దిక్కుండదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లోనే మూతపడింది.

సముద్రం లేదన్న పెద్దాయనకు ఒక సంగతి గుర్తు చేశాను. ఉడకబెట్టిన పసుపు కల్లంలో ఆరబోసి ఉంటుంది. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఎండ నాలుగింటికి ఒక్కసారిగా నల్లబడుతుంది. టార్పాలిన్ ఒక కొస ఆయన పట్టుకుంటే ఇంకో కొస ఆయన భార్య, గాలికి అది పడవ తెరచాపలా లేస్తుంది. లోపలికి చెమ్మ తగిలిందా, ఆ కొమ్ము మార్కెట్లో సగం ధరకూ పోదు. ఆ మబ్బులోని నీళ్లు ఎక్కడివి? సముద్రానివే. వేడెక్కిన కొద్దీ అది ఎక్కువ నీటిని పైకి పంపుతుంది. మీకు సముద్రం లేదు నిజమే, సముద్రానికి మాత్రం మీ కల్లం అడ్రసు తెలుసు.

"అయితే ఏం చేద్దామంటవ్?" అన్నాడాయన. పసుపు బోర్డు కోసం 2019 ఎన్నికల్లో ఇక్కడి నుంచి 178 మంది రైతులు నామినేషన్లు వేస్తే దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2025లో బోర్డు వచ్చింది. పగడాలకూ తాబేళ్లకూ నామినేషన్ వేయడం రాదు. వచ్చి ఉంటే వాటికీ ఒక బోర్డూ ప్రారంభోత్సవమూ దక్కేవి. సముద్రం పెరగడం మాత్రం ఆగేది కాదు.

ఇక మన పాపం మాట. డ్యామ్‌లు వద్దని నేననను, వాటి నీళ్లు తాగినవాణ్ణే. కానీ గోదావరి మోసుకొచ్చే ఒండ్రు, జాయక్వాడీ మొదలుకొని కట్టిన ఆనకట్టలన్నిటి వెనకా ఆగిపోతోంది. 1970ల్లో సముద్రానికి చేరినదాంట్లో 1990ల నాటికే సగం కూడా చేరడం లేదు. ఒండ్రు రాని డెల్టాను అల కొరుకుతుంది. మారిషస్ వాళ్లు తమ తాతలు ఓడెక్కిన రేవును చూద్దామని ఎప్పుడైనా వస్తే, కోరంగి మడ అడవి నిలబడి ఉండాలంటే ఆ బురదే కావాలి.

అది ఎక్కడుందో చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. మాక్లూర్లో బస్సెక్కి ఆర్మూర్ దాటితే గోదావరి మీది పోచంపాడు డ్యామ్. 112 టీఎంసీలకు కట్టిన జలాశయంలో ఇప్పుడు పట్టేది 80 టీఎంసీల చిల్లర. మిగతాది మట్టి.