విజ్ కామిక్స్ రెండో సంచిక కథ

విజ్ కామిక్స్ పత్రికకు ఒకటో సంచిక అమ్మకానికే రాలేదు. పాఠకుల చేతికి అందింది రెండోదే. అమెరికాలో ఫాసెట్ సంస్థ 1940 ఫిబ్రవరి తేదీతో, పది సెంట్ల ధరకు తెచ్చిన ఆ సంచిక కథే ఇది.

దాని అట్ట మీద ఎర్ర దుస్తుల కెప్టెన్ మార్వెల్ ఒక కారును గోడకేసి కొడుతుంటాడు. 1938లో యాక్షన్ కామిక్స్ తొలి అట్ట మీద సూపర్‌మ్యాన్ ఎత్తిందీ కారే! ఇద్దరికీ వీపున కేప్, ఒంట్లో అంతులేని బలం. కానీ సూపర్‌మ్యాన్ వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. కెప్టెన్ మార్వెల్ అసలు రూపం పేపర్లు అమ్ముకునే అనాథ కుర్రాడు బిల్లీ బాట్సన్. 'షజామ్' అనగానే వీరుడైపోతాడు. బిల్ పార్కర్ రాసిన, సి.సి. బెక్ గీసిన ఈ ఊహ పిల్లలకు ఎంత నచ్చిందంటే, కెప్టెన్ మార్వెల్ పుస్తకాల అమ్మకాలు సూపర్‌మ్యాన్‌నే దాటిపోయాయి.

1941లో సూపర్‌మ్యాన్ ప్రచురణకర్తలు తమ వీరుణ్ని కాపీ కొట్టారంటూ ఫాసెట్‌పై కోర్టుకెక్కారు. విచారణ 1948లో గానీ మొదలు కాలేదు. కాపీ జరిగిన మాట నిజమే, కానీ దినపత్రికల్లో వచ్చిన సూపర్‌మ్యాన్ బొమ్మల కింద కాపీరైట్ ప్రకటన సరిగా వేయలేదు కనుక హక్కు పోయిందని కింది కోర్టు తేల్చింది. 1951లో పై కోర్టు జడ్జి లర్నెడ్ హ్యాండ్ ఆ తీర్పును కొట్టేశారు. సూపర్‌మ్యాన్ హక్కు మొత్తంగా పోలేదనీ, ఏ బొమ్మ దేనికి నకలో విడివిడిగా తేల్చాలనీ కేసును వెనక్కి పంపారు.

అది సరైన పద్ధతి. నకలు కొట్టిన బొమ్మకు శిక్ష పడాల్సిందే. బిల్లీ మాత్రం ఎవరి నకలూ కాడు.

ఆ లెక్క తేలనే లేదు. అప్పటికే కామిక్స్ అమ్మకాలు పడిపోతుండటంతో ఫాసెట్ 1953లో రాజీకి దిగి, నాలుగు లక్షల డాలర్లు కట్టి, కెప్టెన్ మార్వెల్‌ను ఆపేసింది. విజ్ కామిక్స్ 155వ సంచికతో మూతపడింది. కళాకారుల పని పోయింది. ఏళ్లతరబడి కెప్టెన్ మార్వెల్ కథలు రాసిన ఓటో బైండర్ ఆ తర్వాత సూపర్‌మ్యాన్ కథలు రాశాడు, 1959లో సూపర్‌గర్ల్ తొలి కథా ఆయనదే.

దావా వేసిన సంస్థే, ఇప్పటి డీసీ, 1972లో అనుమతి తీసుకుని కెప్టెన్ మార్వెల్‌ను మళ్లీ నిలబెట్టింది, 1991 నాటికి పూర్తిగా కొనేసింది. అయితే 1967 నాటికే మార్వెల్ కామిక్స్ అదే పేరుతో వేరే వీరుణ్ని తెచ్చి, పేరు తన సొంతం చేసుకుంది. అందుకే డీసీ 1973లో తన పత్రికకు 'షజామ్!' అని పేరు పెట్టాల్సి వచ్చింది. 2019 మార్చిలో విడుదలైన 'కెప్టెన్ మార్వెల్' సినిమా మార్వెల్‌ది. బిల్లీ కథ ఏప్రిల్‌లో 'షజామ్!' పేరుతోనే వచ్చింది.