గానుగెద్దు ప్రయోగశాల

గానుగెద్దు కళ్లకు గంతలెందుకు కడతారు? తిరిగిన చోటే తిరుగుతున్నానని దానికి తెలియకుండా. ఇప్పుడా గంతలకు వర్చువల్ రియాలిటీ అని కొత్త పేరొచ్చింది. అవి కట్టి, లేని గదిలో, లేని రోబో ముందు మనిషిని నిలబెట్టి, ఇద్దరికీ పొత్తు ఎలా కుదురుతోందో కొలుస్తున్నారు.

లాభం లేదనను. కార్ఖానాలో ఇనుప చెయ్యి తగిలితే ఎముక విరుగుతుంది. గంతల లోకంలో ఒంట్లోంచి దూసుకుపోయినా వెంట్రుక కదలదు. మనిషి ఎంత దూరంలో ఆగాడు, ఎటు చూశాడు, ఎక్కడ జంకాడు, అన్నిటికీ లెక్క దొరుకుతుంది. రోబో కొనే ఖర్చూ తప్పుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఆ అద్దాల్లో దూరాలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయని పరిశోధకులే తేల్చారు. అద్దాలు పెట్టుకోకుండానే హైదరాబాద్ పెద్దలకు మూడొందల కిలోమీటర్ల ఆదిలాబాద్ అరచేతిలో ఉన్నట్టుంటుంది. ఇక పెట్టుకుంటే చెప్పాలా!

ఇంకో తమాషా. కొన్ని ప్రయోగాల్లో రోబో తనంతట తాను మాట్లాడదు. చాటున మనిషి కూచుని ఆడిస్తాడు. వాళ్లు దీన్ని 'విజార్డ్ ఆఫ్ ఓజ్' పద్ధతి అంటారు. మనూళ్లో తోలుబొమ్మలాట అంటాం. టికెట్ కూడా ఉండదు.

అయ్యా, గంతలు విప్పి పత్తి సీజన్‌లో ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు రండి. బండి నిండా పత్తి, పత్తిలో గుచ్చిన మాయిశ్చర్ మిషన్. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. ఆపైన ప్రతి అంకెకూ కోత. 12 దాటిందా, బండి తిప్పుకోవాల్సిందే. ఆరు నెలలు పత్తిని చూసిన కళ్లు ఇప్పుడు మిషన్ మొహం చూస్తాయి. "ఇంకోపాలి పెట్టు సారూ, గీ పక్కకు పెట్టు!" ఎవరెంత దూరంలో ఆగారో ఇక్కడ కొలవనక్కర్లేదు. మిషన్ పత్తి మీద కూచుంది, రైతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అటునుంచి రేషన్ దుకాణానికి పోండి. పత్తి ఏరి, కలుపు తీసి గీతలరిగిన వేలు అక్కడి వేలిముద్రల మిషన్‌కు నచ్చదు. అవ్వ వేలు కొంగుకు తుడుస్తుంది, తలకు రాస్తుంది, మళ్లీ పెడుతుంది. "నేనేనే తల్లీ, గుర్తువట్టవా?" యంత్రానికి మనిషిని అర్థం చేసుకోవడం నేర్పుతున్నామని ప్రయోగశాలల్లో పేపర్లు రాస్తున్నారు. ఈలోగా ఇక్కడ మనిషే యంత్రాన్ని బతిమాలడం నేర్చేసుకున్నాడు.

రోబో అనే మాటను 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకం లోకానికిచ్చింది. మూలం 'రోబోటా', అంటే వెట్టి. వెట్టంటే ఏమిటో తెలంగాణకు విడమర్చి చెప్పాలా? యంత్రం మనకు వెట్టి చేస్తుందన్నారు. ఎవరికెవరు చేస్తున్నారో రేషన్ వరుసలో నిలబడి చూడండి.

దగ్గరికొచ్చి చూడటం కొత్తేమీ కాదు. 1940లో గోండు వీరుడు కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల గోడు తెలుసుకొమ్మని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు, గోండి నేర్చుకున్నాడు. 1987లో కన్నుమూసిన ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. మిమ్మల్ని అంత దూరం రమ్మనడం లేదు. యార్డు దాకా వస్తే చాలు.

వచ్చేటప్పుడు ఆ గంతలు తెండి. వేలు పడని అవ్వకు పెడదాం. అందులోనన్నా మిషన్ "ఒచ్చినవా అవ్వా" అంటుందేమో.